బరువెత్తే గొలుసు: చేతి కప్పీ నుండి విద్యుత్ హాయిస్టు వరకు

మానవుడు భుజబలంతో సాధించలేని కార్యాన్ని బుద్ధిబలంతో సాధించాడనడానికి మన కన్నుల ముందున్న నిదర్శనాలలో కప్పీ ఒకటి. ఒక చక్రం, దానిపై ఒక మోకు లేక గొలుసు. ఇంత స్వల్పమైన సాధనంతో అతడు కొండరాళ్లను కదిలించాడు, పాతాళగంగను పైకి తెచ్చాడు. ఆ సాధనానికే నేడు విద్యుత్తు తోడై చైను హాయిస్టుగా రూపొందింది. దాని నిర్మాణాన్ని, ప్రయోజనాన్ని, అందులోని ప్రమాదాన్ని తెలియజేయడమే ఈ వ్యాసోద్దేశం.

తెలుగు బోధించేవాడికి యంత్రాలతో ఏమి పని అని మా విద్యార్థులు అడుగవచ్చు. కారణం చెప్పి అసలు విషయంలోకి ప్రవేశిస్తాను. రెండేండ్ల క్రిందట ఒక విద్యార్థి డిగ్రీ చదువు మధ్యలో మాని, నాపరాళ్లు కోసి నునుపు పెట్టే ఒక కర్మాగారంలో పనికి కుదిరాడు. కొన్ని నెలల తరువాత టి.సి. కోసం కళాశాలకు వచ్చాడు. దరఖాస్తుపై సంతకం చేయడానికి ఎడమచేత కలం పట్టుకున్నాడు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఏమి జరిగిందని అడిగితే, "హాయిస్టుతో బండలెత్తుతాంటే కట్ట ఊగి చెయ్యి నలిగింది సార్. ఆ మిషను మింద ఇంగ్లీషులో ఏందో రాసినారు. ఏమని ఎవురూ చెప్పలేదు" అన్నాడు. ఆ పలక మీద ఏమి వ్రాసి ఉంటుందో అప్పుడు నాకూ తెలియదు. అక్షరాలు నేర్పే వృత్తిలో ఉన్నవాడిని కనుక ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. అప్పటి నుండి భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రులను, మరమ్మతు పనివారిని అడిగి తెలుసుకున్న సంగతులే ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మన సీమలో బరువులు

బరువు నెత్తడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. విద్యుత్ మోటార్లు రాకముందు రాయలసీమ బావుల మీద కపిలలు నడిచేవి. గిలక మీదుగా మోకు దిగుతుంది, మోకు చివర బాన వ్రేలాడుతుంది, ఎద్దులు వాలుబాటలో క్రిందికి నడుస్తాయి. వాలు ఎందుకు? దిగేటప్పుడు ఎద్దుల సొంత బరువు కూడా లాగుడుకు తోడ్పడుతుంది కనుక. బడి మెట్టు ఎక్కని రైతు ఈ సూక్ష్మాన్ని గ్రహించాడు. జమ్మలమడుగు చేరువ పెన్న లోయ అంచున నిలిచిన గండికోటలో మాధవరాయస్వామి ఆలయ గోపురాన్ని, జామియా మసీదును, ధాన్యాగారాన్ని చూచినవారికి అన్నన్ని రాళ్లు పైకి ఎట్లు చేరాయన్న సందేహం కలుగక మానదు. 1652లో ఆ కోటను దర్శించిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే అక్కడ మీర్ జుమ్లా ఫిరంగులు పోత పోయిస్తున్న సంగతిని వ్రాసి ఉంచాడు. వాలుకట్ట, మీట, మోకు, కప్పీ, మనుషులూ పశువులూ త్రిప్పే ఇరుసు - ఆనాటి ప్రపంచంలో ఎక్కడైనా బరువెత్తడానికి ఇవే ఆధారాలు.

'హమాలీ' అన్న మాట మన మార్కెట్టు యార్డుల్లో నిత్యం వినబడుతుంది. అరబ్బీలో 'హమ్మాల్' అనగా మోసేవాడు. ఆ మాట ఉర్దూ గుండా ప్రయాణించి తెలుగు బజారులో స్థిరపడింది. 'వజను' కూడా అట్లే వచ్చింది. పత్తి, నూనె వర్తకాలకు పేరొందిన ప్రొద్దుటూరులో బరువును గూర్చిన మాటలు రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు కావడం సహజమే. ఒక పత్తి బేలు ప్రామాణికమైన బరువు 170 కిలోలు. దానిని వీపున మోసే మనిషికి అది ఏ భాషలోనైనా అంతే బరువు.

నేడు బరువులు మరింత పెరిగాయి. ఎర్రగుంట్ల, చిలమకూరు ప్రాంతాల్లో సున్నపురాయిని ఆధారం చేసుకొని సిమెంటు కర్మాగారాలు వెలశాయి. కలమళ్ల వద్ద రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994లో తొలి యూనిట్టుతో ప్రారంభమై, 2018లో 600 మెగావాట్ల యూనిట్టు చేరడంతో 1650 మెగావాట్ల స్థాయికి ఎదిగింది. పులివెందుల దాపున తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం నెలకొన్నాయి. ఇట్టి చోట్ల ఒక పంపునో, మోటారునో, పళ్లచక్రాల పెట్టెనో మరమ్మతుకై దించవలసి వస్తే పదిమంది భుజాలు చాలవు. హాయిస్టు ఉండి తీరాలి.

కప్పీలోని కిటుకు

పైకప్పుకు బిగించిన ఒంటి కప్పీ బలాన్ని పెంచదు. లాగే దిశను మాత్రం మారుస్తుంది. చేదబావి గిలక ఇట్టిదే. బరువుతోపాటు పైకి కదిలే కప్పీని జతచేస్తే ఆ బరువును రెండు పాయలు పంచుకుంటాయి, కనుక సగం బలం చాలుతుంది. అయితే ప్రకృతి ఎవరికీ ఊరక ఏదీ ఇవ్వదు. బలం సగమైతే లాగవలసిన దూరం రెట్టింపవుతుంది. యంత్రశాస్త్రమంతా ఈ ఒక్క బేరంలోనే ఇమిడి ఉంది.

1854లో ఇంగ్లండుకు చెందిన థామస్ ఆల్‌డ్రిడ్జ్ వెస్టన్ ఒక చమత్కారమైన కప్పీని కల్పించాడు. పైన ఒకే ఇరుసుకు రెండు చక్రాలు బిగించి ఉంటాయి. ఒకటి కొంచెం పెద్దది, రెండవది కొంచెం చిన్నది. కొన లేని ఒకే గొలుసు ఈ రెండింటి మీదుగాను, క్రింది కప్పీ గుండాను తిరుగుతుంది. గొలుసు లాగినప్పుడు పెద్ద చక్రం కొంత గొలుసును పైకి చుట్టుకుంటుంది, చిన్న చక్రం దానికంటె కొంచెం తక్కువ క్రిందికి వదులుతుంది. ఆ స్వల్ప వ్యత్యాసంలో సగం మేరకు బరువు లేస్తుంది. పెద్ద చక్రానికి 10 గుంటలు, చిన్నదానికి 9 ఉన్నాయనుకొందాం. లెక్క ప్రకారం బలం 20 రెట్లవుతుంది. బరువు ఒక అడుగు లేవాలంటే 20 అడుగుల గొలుసు లాగాలి.

ఇందులో మరొక విశేషం ఉంది. లాగిన శ్రమలో సగానికి మించి రాపిడికే ఖర్చవుతుంది. చూడటానికి ఇది నష్టమే. కాని ఆ రాపిడి వల్లనే, చేయి వదిలినా బరువు తనంతట తాను క్రిందికి జారదు. శ్రమను దొంగిలించిన రాపిడే కాపలాదారుగా మారుతుందన్నమాట. ఈనాటి చేతి కప్పీల్లో పళ్లచక్రాలు, వాటితోపాటు రాపిడి బ్రేకు, ఒక నాలుక ఉంటాయి. బరువు లేచేటప్పుడు వినవచ్చే టికటిక శబ్దం ఆ నాలుకదే. ఆ శబ్దం ఆగిందంటే పనివాడు గొలుసు వదిలి లోపల చూడాలని అర్థం.

పులివెందుల చీనీ, అరటి తోటల్లో ఈ చేతి కప్పీని చూడని రైతు లేడు. బోరులోని మోటారు కాలిపోతే ముక్కాలి నిలబెట్టి, చైను కప్పీ తగిలించి, పైపులను ఒక్కొక్కటిగా పైకి లాగుతారు. ఇక్కడ ఒక లెక్క చెప్పవలసి ఉంది. రెండంగుళాల ఇనుప పైపు మీటరుకు రమారమి 5 కిలోలు తూగుతుంది. 200 మీటర్ల లోతుకు 1000 కిలోలు. కాని పైపులో నీరు నిలిచి ఉంటే? మోటారు పైనుండే వాల్వు నీటిని వెనుకకు పోనీయదు. మీటరుకు రెండు లీటర్లకు పైగా పట్టే ఆ పైపులో దాదాపు 440 కిలోల నీరు దాగి ఉంటుంది. టన్ను బరువని తలచి టన్ను కప్పీ తగిలించినవాడు నిజానికి టన్నున్నర ఎత్తుతున్నాడు. కంటికి కనబడని ఆ బరువు గొలుసుకు మాత్రం తెలుస్తుంది.

విద్యుత్ హాయిస్టు నిర్మాణం

చేతి గొలుసు స్థానంలో మోటారును ఉంచితే అది విద్యుత్ చైను హాయిస్టు. ప్రయోజనం ఎంత? ఒక టన్ను బరువును 5 మీటర్లు ఎత్తడానికి సుమారు 49,000 జౌళ్ల పని కావాలి. మనిషి ఎడతెగక చేయగల పని సెకనుకు 100 జౌళ్లనుకుంటే, రాపిడి లేకపోయినా ఎనిమిది నిముషాలకు పైగా చెమటోడ్చాలి. నిముషానికి 4 మీటర్ల వేగం గల హాయిస్టు అదే పనిని నిముషంపావులో ముగిస్తుంది. అందుకు కావలసిన శక్తి అశ్వశక్తి ఒక్కటికి కొంచెం తక్కువే. లోపలి నష్టాలకు సరిపడా మోటారును కొంత పెద్దది అమరుస్తారు.

దీనిలోని ముఖ్యాంగాలు ఇవి. మొదటిది మోటారు. మన దేశపు 50 సైకిళ్ల విద్యుత్తుపై ఇది సాధారణంగా నిముషానికి 1400 చుట్లు తిరుగుతుంది. రెండవది పళ్లచక్రాల పెట్టె. ఇది వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతుంది. మూడవది గుంటల చక్రం. గొలుసు లంకెలు ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఈ గుంటల్లో సరిగా కూర్చుంటాయి. గొలుసును ఇది చుట్టుకోదు. ఒకవైపు లాగి మరొకవైపు వదులుతుంది. మిగిలిన గొలుసు ప్రక్కనున్న సంచిలో పడుతుంది. ఉక్కుతాటి హాయిస్టుకు తాడు చుట్టడానికి పెద్ద డ్రమ్ము కావాలి, దీనికి అక్కరలేదు. అందుచేతనే ఇది చిన్నదిగా, తేలికగా ఉండి తక్కువ ఎత్తుగల షెడ్లలో ఇముడుతుంది. మిక్కిలి పెద్ద బరువులకు మాత్రం ఉక్కుతాటి హాయిస్టులే తగినవి.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది బ్రేకు. కరెంటు ఉన్నంతసేపే బరువు నిలుస్తుందని, పోతే పడుతుందని చాలామంది భావిస్తారు. నిజం ఇందుకు విరుద్ధం. బలమైన స్ప్రింగు బ్రేకును ఎల్లప్పుడు బిగించి ఉంచుతుంది. బటను నొక్కినప్పుడు మాత్రమే విద్యుదయస్కాంతం ఆ బిగింపును విడదీస్తుంది. కరెంటు పోయిన మరుక్షణం స్ప్రింగు తన పని తాను చేస్తుంది, బరువు ఉన్నచోటనే ఆగుతుంది. నమ్మకమైన వస్తువును కరెంటుకు కాక స్ప్రింగుకు అప్పగించిన ఆ నేర్పు ప్రశంసింపదగినది. అయితే బ్రేకు పలకలు అరిగితే, నూనె తడిస్తే ఆ నమ్మకం వమ్మవుతుంది. ఆపిన తరువాత బరువు అంగుళమంత జారినా దానిని హెచ్చరికగా గ్రహించాలి.

ఐదవది లిమిట్ స్విచ్. కొక్కెం మరీ పైకి పోయి పెట్టెను గుద్దకుండా ఇది మోటారును ఆపుతుంది. ఇది ఆపద కోసమే గాని నిత్యం ఆపుకోవడానికి కాదు. అధికభారం పడినప్పుడు జారిపోయే క్లచ్చి ఆరవది. చివరిది పనివాడి చేతికి వ్రేలాడే బటన్ల పెట్టె. దీనిలో పైకి, క్రిందికి, అత్యవసరంగా ఆపడానికి వేరువేరు బటన్లు ఉంటాయి.

కరెంటు విషయంలో మన రైతులకు తెలిసిన ఒక సత్యం ఇక్కడ ఉపకరిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు తరువాత రెండు ఫేజులు తారుమారైతే బావి మోటారు ఎదురుగా తిరుగుతుంది, నీరు సరిగా రాదు. హాయిస్టుకు అదే జరిగితే 'పైకి' నొక్కగా కొక్కెం క్రిందికి దిగుతుంది. అంతకంటె ప్రమాదం, 'క్రిందికి' నొక్కినప్పుడు కొక్కెం పైకి పోతూ లిమిట్ స్విచ్‌ను లెక్కచేయకపోవచ్చు. ఒక ఫేజు పూర్తిగా పోతే మోటారు తిరగక మూలుగుతుంది. కొన్ని అమరికల్లో బ్రేకు మాత్రం విడివడుతుంది. అప్పుడు బరువును పట్టేదేదీ ఉండదు. కనుకనే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తోటలోని మోటారుకు ఎంత అవసరమో హాయిస్టుకు అంతకంటె అవసరం. లైను మరమ్మతు జరిగిన ప్రతిసారీ ముందుగా ఖాళీ కొక్కెంతో పైకీ క్రిందికీ నడిపి చూడాలి.

బరువు తెలియడం, బరువు కట్టడం

ప్రమాదాలన్నీ యంత్రదోషం వల్ల కలుగవు. బరువెంతో తెలియకపోవడం, దానిని కట్టడం చేతకాకపోవడం కూడా ముఖ్య కారణాలే. మన నాపరాయిని తీసుకొందాం. ఘనమీటరు రాయి 2,600 కిలోలకు మించి తూగుతుంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంగుళం మందం గల బండ ఒక్కటి సుమారు 112 కిలోలు. ఇరవై బండల కట్ట ఎత్తు ఇరవై అంగుళాలు, మోకాలికి కాస్త పైమాటే. చూపుకు అల్పంగా తోచే ఆ కట్ట బరువు 2,250 కిలోలు. రెండు టన్నుల హాయిస్టుకు అది అధికభారం. మా విద్యార్థి చేతిని నలిపిన కట్టలో ఎన్ని బండలున్నాయో ఎవరూ లెక్కించలేదట.

రెండవ విషయం కట్టే కోణం. బరువును రెండు పాయల గొలుసుతో కొక్కేనికి తగిలించినప్పుడు చెరి సగం పడుతుందని తలుస్తాం. పాయలు నిటారుగా ఉంటేనే అది నిజం. వాటి నడుమ కోణం 60 డిగ్రీలైతే టన్ను బరువుకు ఒక్కొక్క పాయపై 577 కిలోల లాగుడు పడుతుంది. 90 డిగ్రీలైతే 707 కిలోలు. 120 డిగ్రీలైతే ఒక్కొక్కదానిపై పూర్తిగా 1000 కిలోలు. ఇంకా విప్పారి 150 డిగ్రీలైతే 1,900 కిలోలు దాటుతుంది. గొలుసు పొట్టిదైతే కోణం పెరుగుతుంది. పొట్టి గొలుసుతో పొదుపు చేయబోయినవాడు బరువును రెట్టింపు చేసుకున్నట్లే.

మూడవది ప్రక్కలాగుడు. హాయిస్టు ఉన్నది నిలువుగా ఎత్తడానికి. దూరంగా ఉన్న బరువును కొక్కెంతో ఏటవాలుగా ఈడ్చితే, నేల విడిచిన క్షణంలోనే అది లోలకంలా ఊగుతుంది. ఊగే టన్ను రాతిని ఏ మనిషి చేయి ఆపలేదు. మా విద్యార్థి చేయబోయినది అదే. ఊగుతున్న కట్టను ఆపాలని చేయి చాచాడు, ఆ చేయి కట్టకూ వెనుకనున్న బండల వరుసకూ నడుమ చిక్కింది. కట్టకు ఒక త్రాడు తగిలించి దూరం నుండి పట్టుకొని ఉంటే వేళ్లు దక్కేవి.

గొలుసు ఆరోగ్యం, చట్టం

హాయిస్టు గొలుసు ఎద్దును కట్టే గొలుసు వంటిది కాదు. మిశ్రమ ఉక్కును పదును పెట్టి, లంకె లంకె ఒకే కొలతగా తయారుచేస్తారు. వాడగా వాడగా లంకెలు ఒకదానినొకటి రాచుకొనేచోట అరుగుతాయి. గొలుసు సాగినట్లు కనబడుతుంది, గుంటల చక్రంలో సరిగా కూర్చోదు. సాధారణంగా 11 లంకెల పొడవును కొలిచి, 2 శాతానికి మించి పెరిగితే గొలుసును మార్చమంటారు. తయారీదారు ఇచ్చిన కొలతే ఇందులో తుది ప్రమాణం. తెగిన గొలుసును బోల్టుతో అతకడం, మెలిక పడినదానితో ఎత్తడం, హాయిస్టు గొలుసునే బరువు చుట్టూ చుట్టి కొక్కెం తగిలించడం మహాపరాధాలు. కొక్కెం నోరు విప్పారినా, దాని మూతి చిలుక ఊడినా పని ఆపాలి. అరిగే గొలుసుకు నూనె కావాలి. సిమెంటు, రాతిదుమ్ము పడిన పొడి గొలుసు ఆకురాయిలా తనను తానే తింటుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లో మన శాసనకర్తలు ఈ సంగతులన్నీ తలపోశారు. ఎత్తే యంత్రాన్ని, గొలుసును, త్రాటిని పన్నెండు నెలలకు ఒక పర్యాయమైనా అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని, సురక్షితమైన భారాన్ని యంత్రంపై స్పష్టంగా గుర్తించాలని, దానికి మించి ఎత్తరాదని విధించారు. ఆ పాత చట్టాల స్థానంలోకి రావడానికి 2020లో పార్లమెంటు కొత్త కోడ్‌ను ఆమోదించింది. చట్టాల పేర్లు మారవచ్చును గాని గొలుసు అరిగే నియమం మారదు.

పలక మీది అక్షరాలు

ఇక ఆ పలక సంగతి. 'ఎస్.డబ్ల్యు.ఎల్.' అని, దాని ప్రక్కన ఒక అంకె, 'టి' అన్న అక్షరం ఉంటాయి. 'సురక్షితంగా ఎత్తదగిన బరువు ఇన్ని టన్నులు' అని దాని అర్థం. కొత్త యంత్రాలపై 'డబ్ల్యు.ఎల్.ఎల్.' అని కూడా ఉంటుంది. భావం దాదాపు ఒకటే. మూడు అక్షరాలు, ఒక అంకె. వాటి అర్థం చెప్పడానికి అర నిముషం చాలు. ఆ అర నిముషం ఎవరూ వెచ్చించనందుకు ఇరవయ్యేండ్ల యువకుడు రెండు వేళ్లు కోల్పోయాడు.

మా కళాశాలలో చదివే పిల్లలలో అనేకులు బండల మిల్లుల్లో, సిమెంటు కర్మాగారాల్లో, గల్ఫు దేశాల నిర్మాణ స్థలాల్లో పనికి పోతున్నారు. వారికై ఈ ఆరు మాటలు:

1. పలక చదవనిదే బటను నొక్కవద్దు. బరువు తెలియనిదే కొక్కెం తగిలించవద్దు.
2. ప్రతి ఉదయం ఖాళీ కొక్కెంతో నడిపి, బ్రేకును, లిమిట్ స్విచ్‌ను పరీక్షించు.
3. కొక్కెం బరువుకు సరిగా నడినెత్తిన ఉండాలి. ఏటవాలుగా లాగవద్దు.
4. బరువును ముందుగా జానెడు మాత్రమే ఎత్తి ఆపు. నిలిచిందని రూఢి అయిన తరువాతనే పైకి పోనీ.
5. వ్రేలాడే బరువు క్రింద నిలువవద్దు, ఎవరినీ నిలువనీయవద్దు. హాయిస్టుతో మనిషిని ఎత్తవద్దు.
6. ఊగే బరువును చేత ఆపవద్దు. త్రాటితో అదుపు చేయి.

గత సంవత్సరం ఆ విద్యార్థి మళ్లీ కళాశాలకు వచ్చాడు. ప్రైవేటుగా పరీక్షలు వ్రాస్తానన్నాడు. ఈ ఆరు మాటలను నేను తెలుగులో చెప్పగా, ఉర్దూ శాఖలోని మిత్రులు ఉర్దూలోకి మార్చారు. అతడు ఎడమచేత్తోనే రెండు లిపుల్లోను ఒక అట్టపై వ్రాశాడు. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. చదవడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. తాను పూర్వం పనిచేసిన చోట, హాయిస్టు బటన్లు పట్టుకునే మనిషి కంటి ఎత్తున దానిని తగిలించి వచ్చానని తరువాత చెప్పాడు.

ఈ పత్రిక ఇంటికి తీసుకొనిపోయే విద్యార్థులను కోరేది ఒక్కటే. మీ ఇంట్లోనో, వీధిలోనో ఇట్టి యంత్రం క్రింద పనిచేసేవారు ఉంటారు. వారి ప్రక్కన కూర్చుండి ఈ ఆరు మాటలు చదివి వినిపించండి.